సీఎన్‌జీలో హైడ్రోజన్ కలిపితే ఏమవుతుంది?

ప్రశ్న: ఢిల్లీలో హైడ్రోజన్ కలిపిన సీఎన్‌జీతో బస్సులు నడిపారు కదా, కాలుష్యం, ఖర్చు నిజంగా తగ్గుతాయా? (విజయవాడ పాఠకుడు)

జవాబు: 2020 అక్టోబరులో రాజ్‌ఘాట్ డిపోలో 50 బస్సులతో ఆ ప్రయోగం మొదలైంది. ఆ గ్యాస్‌లో హైడ్రోజన్ ఘనపరిమాణం 18 శాతం. వినడానికి చాలానే అనిపిస్తుంది గానీ, ఘనమీటరు మీథేన్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటే హైడ్రోజన్‌లో 11 కూడా ఉండదు. అంటే శక్తిలో దాని వాటా 6 శాతమే. కార్బన్ డయాక్సైడ్ తగ్గేదీ ఆ దరిదాపుల్లోనే. పైగా అక్కడ హైడ్రోజన్‌ను సీఎన్‌జీ నుంచే తీశారు కనుక, తయారీలో వెలువడేదీ లెక్కలో వేసుకోవాలి.

అసలు లాభం మంట వేగంలో ఉంది. మీథేన్ మంట సెకనుకు 40 సెంటీమీటర్ల చొప్పున పాకితే, హైడ్రోజన్ మంట 2 మీటర్లు దాటుతుంది. ఇంజిన్ సిలిండర్ గోడకు మరింత దగ్గరదాకా వెళ్లి మండుతుంది కూడా. అందుకే కార్బన్ మోనాక్సైడ్ 70 శాతం దాకా తగ్గుతుందని, ఇంధనం 4, 5 శాతం ఆదా అవుతుందని అధికారికంగా చెప్పారు.

చిక్కల్లా నైట్రోజన్ ఆక్సైడ్లతోనే. మంట వేగం పెరిగాక కూడా సీఎన్‌జీకి పెట్టిన స్పార్క్ టైమింగే (గ్యాస్‌కు నిప్పు అంటించే క్షణం) ఉంచితే, పిస్టన్ పైకి చేరేలోపే ఒత్తిడి పెరిగిపోతుంది. వేడి, నాకింగ్ (ఇంజిన్‌లో గ్యాస్ అదుపు తప్పి పేలినట్టు మండడం), నైట్రోజన్ ఆక్సైడ్లు మూడూ ఎక్కువవుతాయి. కాబట్టి అడ్వాన్స్, అంటే స్పార్క్ ఎంత ముందుగా ఇస్తారన్నది, కొన్ని డిగ్రీలు తగ్గించాలి. గాలి ఎక్కువగా ఇచ్చి పలుచని మిశ్రమంతో నడిపినా ఈ ఆక్సైడ్లు తగ్గుతాయి. మీథేన్ ఒక్కటే అయితే అంత పలుచనలో సరిగా అంటుకోక మిస్‌ఫైర్ కొడుతుంది, హైడ్రోజన్ తోడైతే మండుతుంది. గ్యాస్ మండడానికి సరిగ్గా సరిపడా గాలి మాత్రమే ఇచ్చి, పొగను క్యాటలిటిక్ కన్వర్టర్‌తో శుద్ధి చేసే బండ్లలో ఇంకో మెలిక ఉంది. పొగలో మిగిలిన హైడ్రోజన్ వల్ల ఆక్సిజన్ సెన్సర్ పొరబడి, గ్యాస్ ఎక్కువైందని చెబుతుంది. దాంతో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) గ్యాస్ తగ్గిస్తుంది. ఆ పైన కన్వర్టర్ నైట్రోజన్ ఆక్సైడ్లను పట్టలేదు. ఈసీయూను కొత్త గ్యాస్‌కు తగ్గట్టు మళ్లీ సరిచేయాల్సిందే (క్యాలిబ్రేట్).

ప్రశ్న: పెట్రోలు కారుకు నీటి నుంచి హైడ్రోజన్ తీసే కిట్ పెడితే మైలేజీ 30 శాతం పెరుగుతుందట. పెట్టించుకోనా? (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: వద్దు. కిట్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్లు లాగితే అది 240 వాట్లు. నీటిని విడగొట్టే సెల్స్ ఆరు ఉన్న కిట్ అయినా గంటకు 50 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది, దాని శక్తి 150 వాట్లు. ఆ కరెంటు ఇంజిన్‌తో తిరిగే ఆల్టర్నేటరే ఇవ్వాలి. ఆల్టర్నేటర్ సామర్థ్యం 60 శాతం, ఇంజిన్‌ది 25 శాతం అనుకుంటే, అందుకు కాలే పెట్రోలు 1,600 వాట్లది! కొన్ని కిట్లతో పాటు ఆక్సిజన్ సెన్సర్ సిగ్నల్‌ను మార్చే చిన్న పెట్టె కూడా ఇస్తారు. మైలేజీ కాస్త పెరిగినట్టు కనిపిస్తే, అది పెట్రోలు కోసినందువల్లే. మిస్‌ఫైర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు దాని వెంటే వస్తాయి.

ప్రశ్న: మా ఆటో సీఎన్‌జీ సిలిండర్‌లో ఈ మిశ్రమం నింపొచ్చా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: తయారీదారు అనుమతి ఉంటేనే. హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుబారుస్తుంది. పైగా అదే ఒత్తిడిలో నింపినా కనీసం 12 శాతం తక్కువ శక్తే పడుతుంది, ఫిల్లింగ్ స్టేషన్‌కు ఇంకా త్వరగా వెళ్లాలి.