పెద్దయ్యాక మెల్లకన్నుకు చికిత్స ఉందా?

ప్రశ్న: నా వయసు 31 సంవత్సరాలు. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ పనికి వెళ్తాను. చిన్నప్పటి నుంచి కుడి కన్ను కొద్దిగా బయటకు తిరిగి ఉంటుంది. మెల్లకన్ను అదృష్టమని ఇంట్లో వదిలేశారు. ఇప్పుడు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఈ వయసులో ఆపరేషన్ చేస్తారా? మచ్చ పడుతుందా? రెండు నెలలుగా సాయంత్రానికి పప్పులు రెండేసిగా కనిపిస్తున్నాయి, కుడి రెప్ప కూడా వాలిపోతోంది. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను. తలనొప్పికి మాత్రలు వాడుతున్నాను.
– ఒక పాఠకురాలు, పలాస

సమాధానం: ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రాసిన విషయాలే నాకు ఆందోళన కలిగిస్తున్నాయి. చిన్నతనం నుంచి మెల్లకన్ను ఉన్నవారిలో, పక్కకు తిరిగిన కంటి నుంచి వచ్చే దృశ్యాన్ని మెదడు పక్కన పెట్టేస్తుంది కనుక సాధారణంగా వస్తువులు రెండుగా కనిపించవు. 31వ ఏట కొత్తగా అలా కనిపిస్తున్నాయంటే పాత మెల్ల అదుపు తప్పి ఉండవచ్చు, లేదా దానితో సంబంధం లేని మరో జబ్బు మొదలై ఉండవచ్చు. పొద్దున బాగుండి, పని చేసేకొద్దీ రెప్ప వాలిపోవడం మయస్థీనియా గ్రావిస్ అనే జబ్బులో చూస్తుంటాం. నరాల నుంచి కండరాలకు సంకేతం సరిగా అందకపోవడమే దీనికి కారణం. థైరాయిడ్ సమస్యలోనూ, మధుమేహంలోనూ కూడా రెండుగా కనిపించవచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదేనని చెప్పడం సరికాదు.

ఏదో ఒక కన్ను మూయగానే రెండో బొమ్మ మాయమైతే సమస్య కళ్ల పొందికలో ఉన్నట్టు. ఒక కంటితో చూసినా రెండుగానే ఉంటే శుక్లం వంటి కారణం వెతకాలి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, తీవ్రమైన తలనొప్పితో రెప్ప పూర్తిగా వాలి కనుపాప పెద్దదైనా ఒక్క రోజు కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక ఆ చుక్కలు. వాటి పేరు కూడా మీరు రాయలేదు, బహుశా చూసి ఉండరు. షాపులో అడగగానే ఇచ్చే చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది కాబట్టి జనం నెలల తరబడి వేసుకుంటారు. ఈలోగా కొందరిలో నొప్పి తెలియకుండానే కంటి ఒత్తిడి పెరిగి, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా వస్తుంది, శుక్లం కూడా త్వరగా రావచ్చు. గ్లాకోమాతో పోయిన చూపును తిరిగి తేలేము. అసలు రెప్ప వాలడానికీ, రెండుగా కనిపించడానికీ షాపు చుక్కలు మందే కాదు. తలనొప్పి మాత్రల విషయం మరీ అన్యాయం. కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న ఉద్దానం పక్కనే ఉంటూ, కిడ్నీలను దెబ్బతీయగల నొప్పి మాత్రలు సొంతంగా మింగడం ఏమిటమ్మా?

మీరు అడిగినదానికి వస్తే, మెల్లకన్నును ఏ వయసులోనైనా సరిచేయవచ్చు. మెల్ల తక్కువైతే, కాంతిని పక్కకు వంచే ప్రిజం అద్దాలతో రెండుగా కనిపించడం తగ్గుతుంది. కొన్ని రకాలకు కండరంలో బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. కంటి వ్యాయామాలు దగ్గరి చూపుకు కళ్లు కలవని కొందరికి తప్ప పెద్దగా ఉపయోగపడవు. ఆపరేషన్‌లో కన్ను బయటకు తీయరు. కంటిని కదిపే ఆరు కండరాల్లో అవసరమైనవాటిని వదులు చేయడమో బిగించడమో చేస్తారు. చర్మం మీద కోత ఉండదు, తెల్లగుడ్డు కొన్ని వారాలు ఎర్రగా ఉంటుంది. కొందరికి రెండోసారి చేయవలసి రావచ్చు, కొందరికి తర్వాత రెండుగా కనిపించవచ్చు. చిన్నప్పటి నుంచి మందగించిన చూపు దీనితో పెరగదు. మయస్థీనియా, థైరాయిడ్ వంటివి బయటపడితే ముందు వాటిని అదుపు చేసి, మెల్ల కొన్ని నెలలపాటు మారకుండా నిలిచాకే కత్తి పట్టుకుంటాం. ముహూర్తం పెట్టుకుని తొందరపడవద్దు.

ఈ వారంలోనే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి కంటి విభాగంలో చూపించుకోండి. అవసరమైతే న్యూరాలజిస్టు దగ్గరకో, విశాఖపట్నంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో పంపుతారు. అప్పటిదాకా బండి నడపకండి. వెళ్లేటప్పుడు చుక్కల సీసా, మాత్రల అట్ట, ముఖం స్పష్టంగా ఉన్న పాత ఫోటోలు తీసుకెళ్లండి. మెల్ల ఎంత పెరిగిందో, రెప్ప ఎప్పటి నుంచి వాలుతోందో ఆ ఫోటోలను చూస్తే తెలుస్తుంది.