పూలు, కొండలు కంటికి కనిపించినట్టు ఫోటోలో ఎందుకు రావు?

ఫోన్‌తో తీసిన పూల ఫోటోల్లో రంగు ముద్దలా వస్తోందని, కొండల ఫోటోలు చప్పగా ఉంటున్నాయని, ఎడిటింగ్‌తో బాగుపడతాయా లేక మంచి కెమెరా కొనాలా అని అడిగారు. కెమెరా ఇప్పుడే కొనకండి. నేను ఎనిమిదేళ్లుగా రాజమండ్రి చుట్టుపక్కల, అరకు వైపు ఫోటోలు తీస్తున్నాను. మొదటి నాలుగేళ్లు ఫోన్‌తోనే తీశాను. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ నేనూ పడ్డాను. రెండింటిలోనూ ముందు చూడాల్సింది ఒకటే, కెమెరా వెలుతురును లెక్కగట్టే పద్ధతి.

ఎదురుగా ఏమున్నా, మొత్తం మీద వెలుగు మధ్యస్థంగా ఉండాలని కెమెరా చూస్తుంది. ఇప్పటి ఫోన్లు దృశ్యాన్ని కొంత గుర్తుపడుతున్నా ఈ అలవాటు పూర్తిగా పోలేదు. ముదురాకుల మధ్య ఒక ఎర్ర మందారం ఉందనుకోండి. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటి ఆకులే కాబట్టి వెలుతురు చాల్లేదనుకుని మొత్తం పెంచేస్తుంది. డిజిటల్ ఫోటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలుంటాయి. మామూలు జేపెగ్ ఫోటోలో ఒక్కోటీ 0 నుంచి 255 వరకే. ఎరుపు 255 దగ్గర ఆగిపోయిందంటే రేకు మీది ఈనెలు, మడతలు, నీడలు అన్నీ ఒకే ఎరుపులో కలిసిపోతాయి. మీరన్న ముద్ద అదే. ఆ వివరం ఫైల్లోనే ఉండదు కాబట్టి తర్వాత ఏ యాప్ కూడా దాన్ని వెనక్కి తేలేదు.

దీన్ని నేను మా డాబా మీది మందారం దగ్గరే నేర్చుకున్నాను. పువ్వు మీద వేలు పెట్టి నొక్కితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి లాగి ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి తీసుకునే వెలుతురు, సుమారు ఒక స్టాప్ తగ్గించాను. ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది, పెరిగితే రెట్టింపవుతుంది. స్క్రీన్ మీద చూస్తే ఫోటో చీకటిగా ఉంది, పాడైపోయిందనే అనుకున్నాను. తర్వాత ఎడిటింగ్‌లో షాడోస్ (ఫోటోలోని చీకటి భాగాల వెలుగు) కొంచెం పెంచి చూస్తే రేకుల్లో ఈనెలు కనిపించాయి, మధ్య కాడ చుట్టూ పసుపు పుప్పొడి గింజలు, కాడ చివర ఐదు ఎర్రటి బొడిపెలు విడివిడిగా కనిపించాయి. రోజూ పూజకి కోసే పువ్వే, అందులో ఇంత ఉందని అప్పటిదాకా గమనించలేదు. బంతిపూలకి, కనకాంబరాలకి కూడా ఇలాగే తగ్గించి తీయండి.

పొగమంచుకి దీనికి రివర్స్. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున మబ్బులు పాలసముద్రంలా పరుచుకుంటాయి. అంత తెలుపు చూసి కెమెరా వెలుగు తగ్గించేస్తుంది, మంచు కాస్తా పొగలా బూడిద రంగుకి తిరుగుతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ అర స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా పెంచండి. సూర్యుడు ఫ్రేములోకి వచ్చాడంటే మాత్రం మళ్లీ తగ్గించాల్సిందే.

అరకులో వలిసె పూల మొదటి ఫోటోలు నేను పూర్తిగా పాడుచేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం వెళ్లాను, ఎండ నడినెత్తిన ఉంది. ఇంటికొచ్చి చప్పగా ఉందని శాచురేషన్ (రంగుల గాఢత) బాగా పెంచి, ఎంతో ఇష్టంగా పెద్ద ప్రింట్ వేయించాను. చేను మొత్తం పసుపు సున్నం కొట్టిన గోడలా వచ్చింది, ఒక్క పువ్వూ విడిగా లేదు. చాలా బాధేసింది. మరుసటి ఏడాది నవంబరులో ఉదయం ఏడింటికల్లా చేను గట్టు మీద ఉన్నాను. ఎండ పక్కనుంచి పడుతుంటే ప్రతి పువ్వుకీ ఒక వెలుగు వైపు, ఒక నీడ వైపు ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, దగ్గరి పూలు పెద్దగా, వెనక కొండ చిన్నగా వచ్చేలా తీశాను. దాని ఎడిటింగ్‌కి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. చేలోకి దిగకుండా గట్టు మీదనుంచే తీయండి, అది రైతు పంట. ఆ గింజల నుంచి నూనె తీస్తారు.

పూలని బాగా దగ్గరగా తీయాలంటే ఫోన్‌ని పువ్వుకి ఆనించేయకండి, ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. ఒక అడుగు వెనక్కి జరిగి 2 ఎక్స్ జూమ్ పెట్టండి. పోర్ట్రెయిట్ మోడ్ పూలకి వద్దని నా అభిప్రాయం, సన్నటి కేసరాలని, రేకుల అంచులని అది తినేస్తుంది. వెనక చెత్తగా ఉంటే పువ్వుకి దూరంగా నీడగా ఉన్న గోడో తలుపో వెనకకి వచ్చేలా కోణం మార్చుకోండి. నీడ వైపు తెల్ల థర్మాకోల్ ముక్క పట్టుకుంటే చాలు, వెలుగు మెత్తగా పడుతుంది. గాలి వేస్తుంటే వరసగా పది తీయండి, ఒకటైనా కదలకుండా వస్తుంది.

ఎడిటింగ్‌కి స్నాప్‌సీడ్ అయినా లైట్‌రూమ్ అయినా సరిపోతుంది. ముందు వంకర సరిచేయండి, ముఖ్యంగా నీళ్లున్న చోట. తర్వాత వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా పసుపు, నీలం ఛాయలు సరిచేయడం), ఆపైన హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించి షాడోస్ పెంచడం. రంగు చివరికి. మొత్తానికి ఒకేసారి శాచురేషన్ పెంచకండి. లైట్‌రూమ్‌లో ఒక్కో రంగునీ విడిగా మార్చుకోవచ్చు. నేను చాలా ఫోటోల్లో ఆకుపచ్చని తగ్గిస్తాను, ఫోన్లు గడ్డిని మరీ మెరిసేలా చూపిస్తాయి. ఆకుపచ్చ తగ్గితే పువ్వు రంగు దానంతటదే పైకి వస్తుంది. మసకని తగ్గించే డీహేజ్ చాలా కొద్దిగా వాడండి, లేకపోతే దూరపు కొండలు దగ్గరికి జరిగినట్టయి లోతు పోతుంది.

సూర్యాస్తమయానికి మాత్రం ఆటో వైట్ బ్యాలెన్స్ తీసేయండి. ఆ బంగారు రంగుని అది తప్పనుకుని సరిచేయబోతుంది. సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ని 5500 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత) దగ్గర పెట్టి వదిలేయండి. రాజమండ్రి ఘాట్లలో నిలబడితే సూర్యుడు గోదావరి అవతల కొవ్వూరు వైపు దిగుతాడు. సూర్యుడు మునిగిపోగానే జనం లేచి వెళ్లిపోతారు. మీరు ఇంకో ఇరవై నిమిషాలు ఉండండి. ఆకాశంలో ఎరుపు, నీటిలో దాని నీడ, పాత హేవలాక్ వంతెన నల్లటి గీతలా. మా ఇంటి గోడ మీద ఇప్పుడున్న ఫోటో ఆ ఇరవై నిమిషాల్లో తీసిందే, ఫోన్‌ని మెట్టు మీద ఆనించి పెట్టి.