అమెరికా సైనికులు ఫ్రాన్సులో మొదట ఎవరి పక్కన నిలబడి పోరాడారు?

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన సేనాని కింద విడిగా పోరాడిందా, లేక బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలలో కలిసి పోరాడిందా అని మీరు అడిగారు. రెండూ జరిగాయి. అయితే సొంత సైన్యంగా పోరాడడం 1918 సెప్టెంబరు తరువాతి మాట, అంటే యుద్ధం చివరి రెండు నెలల మాట. అంతకుముందు అమెరికా సైనికులు పరాయి సేనానుల కింద, పరాయి ఫిరంగుల అండతో, చాలావరకు మిత్రదేశాలు సమకూర్చిన ఆయుధాలతోనే పోరు నేర్చుకున్నారు. నేను ఉద్యోగరీత్యా ఉత్తర ఫ్రాన్సులోని అమియాన్ నగరంలో రెండేళ్ళు ఉన్నాను. ఈ చరిత్రలోని మూడు ఘట్టాలు ఆ నగరానికి నలభై కిలోమీటర్ల లోపే జరిగాయి కాబట్టి, నేను తిరిగి చూసిన నేల ఆధారంగానే జవాబు చెబుతాను.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాదు దగ్గర బొల్లారంలో. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారులు నడిపిన ఒకప్పటి హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యపు దండు ఉన్న చోటు అది. ఆ కంటింజెంట్ నుంచి వచ్చిన అశ్వికదళమే దక్కన్ హార్స్. 1916 జులై 14న సొమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి పక్కన గుర్రాల మీద ఈటెలతో దాడి చేసిన దళం అదే. అమియాన్‌లో దిగినప్పుడు నా మనసులో ఉన్నది ఆ ఒక్క పేరే. అమెరికా సంగతి నాకు తట్టింది అక్కడి కేథడ్రల్‌లో. నగరాన్ని కాపాడుతూ చనిపోయిన మిత్రదేశాల సైనికుల కోసం లోపల కొన్ని స్మారక ఫలకాలు అమర్చారు; వాటిలో ఒకటి అమెరికా ఆరవ ఇంజినీరు రెజిమెంటుది, దాని మీద ఉన్న కాలం 1918 మార్చి. అమెరికా తొలి పెద్ద పోరు మే నెలాఖరున జరిగిందని చదువుకున్న నాకు, మార్చిలోనే వీళ్ళు ఇక్కడ ఎందుకు చనిపోయారో అర్థం కాలేదు.

ఆ ఇంజినీర్లు నిజానికి పోరాడడానికి వచ్చినవారు కారు. పెరోన్ దగ్గర సొమ్ నది మీద బ్రిటిష్ సైన్యం కోసం వంతెనలు కడుతున్నారు. మార్చి 21న జర్మన్లు మహాదాడి మొదలుపెట్టి కొద్ది రోజుల్లోనే బ్రిటిష్ ఐదవ సైన్యాన్ని వెనక్కి నెట్టేయడంతో, అమియాన్‌కు అడ్డంగా నిలబెట్టడానికి దళాలు మిగలలేదు. అప్పుడు సొరంగాలు తవ్వేవారిని, శిక్షణ పాఠశాలల్లోని వారిని, ఇంకా చేతికందిన వారినందరినీ పోగుచేసి బ్రిటిష్ జనరల్ కేరీ కింద ఒక దళంగా నిలిపారు. వంతెనలు కట్టే ఆ అమెరికన్లు, సుమారు ఐదు వందల మంది, అందులో భాగమై వార్‌ఫ్యూజే, హామెల్ గ్రామాల మధ్య కందకాల్లో రోజుల తరబడి జర్మన్లను ఆపారు. ఎవరి కింద ఎవరు పోరాడాలన్న చర్చకు అక్కడ తావే లేదు.

ఆ చర్చ పైస్థాయిలో అప్పటికే ఏడాదిగా నడుస్తోంది. 1917 ఏప్రిల్ 6న యుద్ధం ప్రకటించే నాటికి అమెరికా శాశ్వత సైన్యంలో లక్షా ముప్పై వేల మంది కూడా లేరు. అధ్యక్షుడు విల్సన్ తన దేశాన్ని మిత్రదేశంగా కాక సహచర దేశంగా మాత్రమే పేర్కొన్నారు. బ్రిటన్, ఫ్రాన్సులకు కావలసింది ఖాళీ అయిన తమ బెటాలియన్లను నింపే యువకులు. ఫ్రాన్సులోని అమెరికా దళాల సేనాని పెర్షింగ్‌కు కావలసింది అమెరికా సేనానులు నడిపే అమెరికా సైన్యం. స్వాభిమానం వల్లనే ఆయన మొండికేశారని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించదు. తమ బిడ్డలు పరాయి సైన్యంలో ఖాళీలు పూరించే మనుషులుగా చనిపోతే అమెరికా ప్రజలు ఎంతకాలం సహించేవారు? అయితే మూడేళ్ళకు పైగా లక్షల మందిని పోగొట్టుకున్న ఫ్రాన్సుకు, పెర్షింగ్ సైన్యం పూర్తిగా సిద్ధమయ్యేదాకా నిలిచే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? 1918 మార్చి 28న పెర్షింగ్ స్వయంగా, మిత్రదేశాల సైన్యాలను సమన్వయం చేస్తున్న ఫ్రెంచ్ సేనాని ఫోష్ దగ్గరికి వెళ్ళి, తన దగ్గర ఉన్న దళాలన్నింటినీ ఎలా కావాలంటే అలా వాడుకోమని చెప్పవలసి వచ్చింది.

ఆ మాట ఫలితమే కాంతిన్యీ. మోన్‌దిదియే పట్టణానికి దగ్గరలో ఉన్న చిన్న గ్రామం అది. ఫ్రెంచ్ వారి కింద లూనెవిల్ ప్రాంతపు కందకాల్లో 1917 అక్టోబరు నుంచి పాఠాలు నేర్చుకున్న అమెరికా ఒకటవ డివిజన్‌ను ఏప్రిల్‌లో ఇక్కడికి తెచ్చారు. ఆ పాఠాలకు కూడా ప్రాణాలే ఫీజు: నవంబరు 3 తెల్లవారుజామున బతెలెమోన్ దగ్గర జర్మన్లు మెరుపుదాడి చేసి, ఆ డివిజన్‌కు చెందిన గ్రెషామ్, ఎన్‌రైట్, హే అనే ముగ్గురిని చంపారు. ఫ్రాన్సు కందకాల్లో శత్రువు చేతిలో పడిపోయిన తొలి అమెరికా పదాతి సైనికులు వాళ్ళు.

కాంతిన్యీ మీద దాడి 1918 మే 28 ఉదయం జరిగింది. పొరుగింటి పెద్దాయన తన కారులో నన్ను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు, గట్టు మీద ఉన్న ఆ గ్రామాన్ని చూడగానే దాని కోసం అంత పోరు ఎందుకో తెలిసింది: చుట్టూ కిలోమీటర్ల కొద్దీ పొలాలు దాని కళ్ళ ముందే ఉంటాయి. కర్నల్ ఈలీ నడిపిన 28వ పదాతి రెజిమెంటు, పన్నెండు ఫ్రెంచ్ ట్యాంకుల వెనుక, ఫ్రెంచ్ అగ్నిక్షేపకుల సాయంతో, ఫ్రెంచ్ విమానాల నీడలో గంట లోపే గ్రామాన్ని పట్టుకుంది. అమెరికన్లు పేల్చిన 75 మిల్లీమీటర్ల ఫిరంగులు కూడా ఫ్రెంచ్ తయారీవే. నెత్తిన ఉన్న ఇనుప టోపీ బ్రిటిష్ నమూనాది. కష్టమంతా పట్టుకున్న తరువాతనే వచ్చింది. అంతకు ముందురోజే ఏన్ నది వైపు జర్మన్లు మరో మహాదాడి మొదలుపెట్టడంతో, ఫ్రెంచ్ వారు తమ పెద్ద ఫిరంగులను అటు తరలించవలసి వచ్చింది. అండ పోయిన అమెరికన్లు వరుస ఎదురుదాడులను, ఆగని ఫిరంగి గుళ్ళను మూడు రోజులు తట్టుకుని గ్రామాన్ని నిలుపుకున్నారు. చనిపోయినవారు, గాయపడ్డవారు, జాడ తెలియనివారు కలిసి వెయ్యికి పైగా ఉన్నారు. పొలం గట్టున తుప్పుపట్టిన ఫిరంగి గుండు ఒకటి కనిపించింది. దున్నినప్పుడు ఇప్పటికీ పైకి వస్తాయనీ, రైతులు వాటిని పక్కన పెట్టి అధికారులకు కబురు చేస్తారనీ ఆ పెద్దాయన చెప్పారు.

మూడవ ఘట్టం మళ్ళీ హామెల్ దగ్గరే, జులై 4న. ఆస్ట్రేలియా సేనాని మోనాష్ తన దాడికి అమెరికా స్వాతంత్ర్య దినాన్ని ఎంచుకుని, అమెరికా 33వ డివిజన్ సైనికులను ప్లటూన్లనే చిన్న జట్ల చొప్పున ఆస్ట్రేలియా బెటాలియన్లలో కలిపారు. పెర్షింగ్ తీవ్రంగా ఎదిరించిన పద్ధతి సరిగ్గా ఇదే. ఆయన ఆజ్ఞతో పది కంపెనీలలో ఆరింటిని వెనక్కి పిలిపించారు. మిగిలిన నాలుగింటిని తీసేస్తే దాడే ఆగిపోతుందని మోనాష్ పట్టుబట్టడంతో, సుమారు వెయ్యి మంది అమెరికన్లు ఉండిపోయారు. తొంభై నిమిషాలకు వేసిన పథకం తొంభై మూడు నిమిషాల్లో ముగిసింది. అరవై బ్రిటిష్ ట్యాంకులు తోడు వెళ్ళాయి, మెషీన్‌గన్ తూటాల పెట్టెలను విమానాల నుంచి పారాచూట్లతో జారవిడిచారు. ఒంటరిగా ఒక మెషీన్‌గన్ స్థావరాన్ని అణచిన కార్పొరల్ థామస్ పోప్‌కు అమెరికా అత్యున్నత పతకం దక్కింది. ఆస్ట్రేలియా స్మారకం ఉన్న ఆ దిబ్బ మీద నిలబడితే, మార్చిలో ఇంజినీర్లు కాపాడిన నేల కూడా అక్కడి నుంచే కనిపిస్తుంది.

ఈ విషయంలో నాకు బాధ కలిగించేది ఒకటి ఉంది. తన దళాలను ముక్కలుగా పంచనని అంతగా పట్టుబట్టిన పెర్షింగ్, నాలుగు నల్లజాతి రెజిమెంట్లను మాత్రం ఫ్రెంచ్ సైన్యానికి పూర్తిగా అప్పగించారు. వాటిలో న్యూయార్క్‌కు చెందిన 369వ రెజిమెంటు ఫ్రెంచ్ టోపీలతో, ఫ్రెంచ్ రైఫిళ్ళతో 191 రోజులు యుద్ధరేఖలో నిలిచి, ఫ్రాన్సు నుంచి క్రువా ద గేర్ అనే శౌర్య పతకం అందుకుంది. 1918 మేలో జర్మన్ గస్తీదళాన్ని చివరికి కత్తితో ఎదుర్కొని తోటి సైనికుణ్ణి కాపాడిన హెన్రీ జాన్సన్ 1929లో చనిపోయారు. సొంత దేశపు అత్యున్నత పతకం ఆయన పేరున ప్రకటించింది 2015లో. కలిసి పోరాడడం గురించి ఎవరు అడిగినా వీరి పేరు చెప్పకుండా జవాబు పూర్తి చేయడం నాకు ఇష్టం లేదు.

పెర్షింగ్ కోరుకున్న సైన్యం సెప్టెంబరు 12న సాఁ మిహియెల్ దగ్గర, ఆ తరువాత 26న మ్యూజ్-ఆర్గాన్ ప్రాంతంలో రంగంలోకి దిగింది. ఈ రెండవ పోరులో పన్నెండు లక్షల మంది అమెరికన్లు పాల్గొన్నారు, ఇరవై ఆరు వేల మందికి పైగా చనిపోయారు. అక్కడ కూడా ఫ్రెంచ్ ఫిరంగులు, విమానాలు, దళాలు తోడున్నాయి. అది మొదలైన మూడు రోజులకే, ఉత్తరాన సెన్ క్వెంటిన్ కాలువ దగ్గర అమెరికా 27, 30 డివిజన్లు మోనాష్ ఆజ్ఞల కింద హిండెన్‌బర్గ్ రేఖ అనే జర్మన్ల రక్షణ వరుస మీదికి నడిచాయి. నా రెండేళ్ళ చివరి వారంలో బోనీ గ్రామం దగ్గరి అమెరికా సమాధుల తోటకు వెళ్ళాను. అక్కడ 1,844 మంది ఉన్నారు, వారిలో చాలామంది ఆ డివిజన్ల వారు. ఆ రెండు డివిజన్లూ యుద్ధం ముగిసే నాటికి కూడా బ్రిటిష్ సైన్యంతోనే ఉన్నాయి.