బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందని ఊరు అడుగుతుంది

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు: ఆయుధాల మీద మళ్లీ కొత్త ఆంక్షలు వస్తే లైసెన్స్ ఉన్నవారు ప్రజల మద్దతు ఎలా కూడగట్టుకోవాలన్నది ఒకటి, అందుకోసం సంక్రాంతికి తుపాకులు భుజాన వేసుకొని ఊరేగింపుగా వెళ్లడం మంచిదేనా అన్నది రెండవది. రెండవదానికి ముందే జవాబు చెబుతాను: వద్దు. రాజ్యాంగంలోని 19వ అధికరణం మనకు ఇచ్చినది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు మాత్రమే. అది అలా ఉంచినా, కోడిపందేల బరుల దగ్గర జనం కిక్కిరిసి ఉండే ఆ మూడు రోజుల్లో తుపాకీని చూసిన తల్లి పిల్లవాణ్ని దగ్గరకు లాక్కుంటుందే తప్ప మన వినతిపత్రం మీద సంతకం పెట్టదు.

మొదటి ప్రశ్నకు 2019లో మేము పడ్డ పాట్లే నా దగ్గరున్న జవాబు. మాది కోనసీమలో వశిష్ఠ పాయ ఒడ్డున ఉన్న ఊరు. అప్పటికి మా ఇంట్లో మూడు తుపాకులు ఉండేవి: తాతగారి నాటి ఒంటి గొట్టం తుపాకీ, నాన్నగారు కొన్న పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకీ, షూటింగ్ పోటీలకు వెళ్లే రోజుల్లో నేను తీసుకున్న పాయింట్ టూటూ రైఫిల్. 1983 నాటి సవరణ ప్రకారం అప్పట్లో ఒక మనిషి మూడు ఆయుధాల వరకు ఉంచుకునే వీలుండేది. 2019 నవంబరు 29న లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ఆ మూడింటిని ఒకటికి తగ్గించబోతోందని పత్రికలో చదివి, చుట్టుపక్కల మండలాల్లో లైసెన్స్ ఉన్న పదకొండు మందిమి ఒక మిత్రుడి రైస్ మిల్లు ఆఫీసులో సమావేశమయ్యాం.

ఆ రోజు మేము మాట్లాడినదంతా మాలో మేము ఒప్పించుకోవడానికే సరిపోయింది. ఒక పెద్దాయన అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన, ఆయుధాల హక్కును చెప్పే రెండవ సవరణ గురించి అరగంట చెప్పారు. ఇంకొకరు 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల జాబితాలో ఆయుధాలు కలిగి ఉండే హక్కు కూడా ఉందని గుర్తు చేశారు. ఆ మాట నిజమే కాని, ఆ తీర్మానంలోనే అది నియమాలకు లోబడి అని కూడా ఉంది, చివరికి 1950 రాజ్యాంగంలో ఆ హక్కుకు చోటు దక్కలేదు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ అనేది లైసెన్స్ మీద నడిచే వ్యవహారం. కాబట్టి మా హక్కు లాక్కుంటున్నారని ఊళ్లో చెబితే, మీకు ఆ హక్కు ఎవరు ఇచ్చారని అడిగే బడిపిల్లవాడికి కూడా మా దగ్గర జవాబు లేదు.

వినతిపత్రం మొదటి చిత్తుప్రతిలో జరిగిన పొరపాటు ఇంకా విచిత్రమైనది. లంక భూముల్లో అడవిపందులను, ఆక్వా చెరువుల మీద నీటికాకులను కాల్చుకోవడానికి తుపాకులు అవసరమని మాలో ఒకరు ఎంతో ఉత్సాహంగా రాశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా అనుమతి లేకుండా వాటిని కాల్చడమే నేరం. పంట రక్షణ కోసం లైసెన్స్ ఇచ్చినంత మాత్రాన కనిపించిన జంతువునల్లా కాల్చవచ్చని కాదు. ఆ కాగితం అలాగే కలెక్టరేట్‌కు చేరి ఉంటే, పదకొండు మందిమి కలిసి నేరం ఒప్పుకుంటూ సంతకాలు చేసినట్టు అయ్యేది.

అసలు పాఠం మా పక్కింటి అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. సంతకం కోసం వెళ్తే ఆవిడ కాగితం చదివించుకొని, కళ్లజోడు తీసి, "మీ తుపాకులు మూడైతే మాకేమిటి, ఒకటైతే మాకేమిటి నాయనా?" అని అడిగింది. నేను తడబడుతుంటే ఆవిడే గతం తవ్వింది. 1996 నవంబరు 6 నాటి తుఫాను తరువాత కరెంటు లేని చీకటి రోజుల్లో, పడిపోయిన కొబ్బరి చెట్ల మధ్య దొంగల భయంతో ఊరు నిద్రపోని సమయంలో, మా నాన్నగారు వీధి అరుగు మీద తుపాకీ పక్కన పెట్టుకొని తెల్లవార్లూ కూర్చునేవారని, ఆ ధైర్యంతోనే తాము పిల్లలతో పడుకున్నామని చెప్పింది. నాకు ప్రాణం లేచివచ్చింది. అయితే ఆవిడ అక్కడితో ఆగలేదు. "మీ నాన్నగారి చేతిలో ఉంటే మాకు భయం లేదు. మీ అబ్బాయికి కోపం ఎక్కువ. బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగింది.

ఆ తరువాత వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఇదే ప్రశ్న ఎదురైంది. తాగివచ్చే కొడుకు, గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకాలు, పరీక్ష తప్పి గదిలోంచి బయటకు రాని కుర్రవాడు: తుపాకీ అనగానే జనం మనసులో మెదిలేది దొంగ కాదు, ఇంట్లోని మనిషి. మేము ఆ భయాన్ని తీసిపారేయకుండా మా పత్రంలో మొదటి పేరాగానే రాశాం. గొట్టాలను విడదీసి ఇనుప బీరువాలో పెడతామని, తూటాలు వేరే చోట ఉంటాయని, తాళం లైసెన్స్‌దారు దగ్గరే ఉంటుందని, నమ్మకం లేనివారు వచ్చి చూసుకోవచ్చని చెప్పాం. సురక్షితంగా భద్రపరుస్తామన్న హామీని 2016 ఆయుధాల నియమాలు ఎలాగూ అడుగుతున్నాయి. ప్రభుత్వానికి రాసి ఇచ్చిన మాటను పొరుగువారికి కూడా చెప్పామన్నదే తేడా. అత్తయ్య సంతకం చేసింది. మా ఇంటికి వచ్చి బీరువా కూడా చూసింది, అదే నోటితో మా అబ్బాయికి నాలుగు చీవాట్లు పెట్టింది.

రెండవ చిక్కు మా మిత్రులనుకున్నవారి నుంచే వచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి సైనికుల ఊళ్ల నుంచి రిటైరై, సొంత తుపాకీ లైసెన్స్‌తో బ్యాంకుల దగ్గర కాపలా ఉద్యోగం చేసేవారు మాతో ఉంటారని అనుకున్నాం. వారిలో ఒకరు నవ్వి, తనకున్నది ఒక్కటే తుపాకీ అని, పైగా ఆ బిల్లులోనే లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరుగుతోందని, రెన్యువల్ కోసం తిరిగే బాధ తగ్గుతుంది కనుక అది నెగ్గాలనే కోరుకుంటున్నానని చెప్పారు. ఆయన చెప్పింది న్యాయమే. బిల్లు మొత్తాన్ని వ్యతిరేకిస్తున్నామన్న మాటను ఆ రోజే కొట్టివేశాం. గడువు పెంపును సమర్థిస్తున్నామని, వేడుకల్లో గాలిలోకి కాల్పులు జరిపి ఇతరుల ప్రాణం మీదికి తెచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే నిబంధనను స్వాగతిస్తున్నామని, వారసత్వంగా వచ్చిన ఆయుధాల సంఖ్య దగ్గర మాత్రమే మాకు అభ్యంతరం ఉందని తిరిగి రాశాం. అలా రాశాకే ఉపాధ్యాయులు, కొబ్బరి వ్యాపారులు, తుపాకీ ముఖం చూడనివారు కూడా సంతకాలు చేయడం మొదలుపెట్టారు.

మా పత్రం ఎంపీ కార్యాలయానికి చేరింది, అందినట్టు రసీదు వచ్చింది, అంతే. ఈలోగా డిసెంబరు 9న లోక్‌సభ, 10న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. ప్రవేశపెట్టిన నాటి నుంచి పన్నెండు రోజులైనా కాలేదు. ఒకటి అన్న పరిమితి చివరికి రెండుగా మారింది. దాన్ని మా విజయంగా చెప్పుకునేవారు మాలో ఉన్నారు గాని, అది అతిశయోక్తి. అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ లాంటివారు కేంద్రానికి లేఖ రాశారు. అంతటివారు కదిలిన చోట మా నూట చిల్లర సంతకాలు లెక్కకు రావు. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివారికి లైసెన్స్ నుంచి ఉన్న మినహాయింపు 2029 దాకా పొడిగింపు పొందిందంటే, అక్కడ తుపాకీ పండుగలో, పుట్టుకలో భాగంగా ఆ సమాజమంతటిదీ కావడమే కారణమని నేను అనుకుంటాను. మన డెల్టాలో అది కొన్ని ఇళ్ల వస్తువు, అందుకే మనం ఇంటింటికీ వెళ్లి అడుక్కోవలసిందే. బిల్లు వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు కాబట్టి, మీరు ఇప్పుడే మొదలుపెట్టండి.

ఎన్నికలప్పుడు ఏం చేయాలో కూడా చెబుతాను. కోడ్ రాగానే పిలుపు కోసం ఎదురుచూడకుండా తుపాకీని స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోండి. ఎవరి ఆయుధం జమ చేయించాలో పరిశీలించి నిర్ణయించాలని ఎన్నికల సంఘం సూచనల్లో ఉన్నా, గ్రామంలో అందరికంటే ముందు అప్పగించిన మనిషి మీద కలిగే నమ్మకం వాదనతో రాదు. రెన్యువల్ విచారణలో ఇరుగుపొరుగును అడిగినప్పుడు ఆ నమ్మకమే పనికి వస్తుంది. అప్పగించే ముందు గొట్టాలకు నూనె బాగా పట్టించండి. ఒకసారి మా జోడు గొట్టాల తుపాకీ ఒక స్టేషను గదిలో మూడు నెలలు ఉండి లోపలంతా తుప్పుతో తిరిగివచ్చింది, మన సముద్రపు గాలి సంగతి మీకు తెలిసిందే.

చట్టం ఇచ్చిన ఏడాది గడువు 2020 డిసెంబరుతో ముగిసింది. రెండింటిని ఉంచుకోవాలంటే ఒకటి వదులుకోవాలి. రైఫిల్ వదులుకోమని మా ఇంట్లో అన్నారు. కాని పోటీలకు వెళ్లే మా అన్నగారి అమ్మాయికి ఆట నేర్పుతున్నది దానితోనే. తాతగారి ఒంటి గొట్టం తుపాకీ తీసుకెళ్లి జమ చేశాను. ఆ రోజు నాతో పాటు స్టేషను దాకా వచ్చినవారిలో తుపాకీ లేనివారే ఎక్కువ, అత్తయ్య ఆటోలో వచ్చింది.