టెక్ సందేహాలు: డీజే నేర్చుకోవడానికి ముందుగా ఏం కొనాలి?

వినాయక చవితి దగ్గర పడుతున్నందుకో, శ్రావణ మాసపు పెళ్లిళ్ల వల్లనో గానీ ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం డీజేకు సంబంధించినవే. మన సీమలో ‘డీజే పెట్టారు’ అంటే ట్రాక్టరు మీద పేర్చిన బాక్సులు, ఆంప్లిఫయర్లు, వెనక జనరేటరు అనే అర్థం స్థిరపడిపోయింది. నేనిక్కడ చెప్పబోయేది ఆ బండి గురించి కాదు, ఒక పాట ముగియకముందే రెండో పాటను అడుగు తప్పకుండా అందులో కలిపే మనిషి పని గురించి.

ప్రశ్న: కర్నూలులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. కంట్రోలర్ లేకుండా డీజే నేర్చుకోవడం కుదరదని మిత్రులు అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: కంట్రోలర్ అంటే ల్యాప్‌టాప్‌లోని డీజే సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడపడానికి వాడే బటన్లు, చక్రాలు ఉన్న పెట్టె. ఇప్పటికి దాన్ని కొనవద్దు. ఒక మంచి వైరు హెడ్‌ఫోన్, ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఉంటే చాలు. జనం వింటున్న పాట స్పీకర్లలోకి వెళ్తుండగా, తర్వాత రాబోయే పాట డీజే చెవికి మాత్రమే వినిపించాలి. దీన్నే క్యూ చేసుకోవడం అంటారు. ఇందుకు రెండు వేర్వేరు ఆడియో దారులు కావాలి. సాధారణ ల్యాప్‌టాప్‌లో ఒకటే ఉంటుంది కాబట్టి, రెండోదాన్ని ఆ సౌండ్ కార్డు సమకూరుస్తుంది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే మిక్స్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మీ అవసరానికి సరిపోతుంది. దాని పేరును ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి, వెతికేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఇది విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లోని సౌండ్ హార్డ్‌వేర్ పేజీలో ప్రధాన అవుట్‌పుట్‌ను ల్యాప్‌టాప్‌కు, హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌ను యూఎస్‌బీ కార్డుకు కేటాయిస్తే మీ ఏర్పాటు పూర్తయినట్లే.

ఇక మొదటి నెలంతా ఒకే అభ్యాసం చేయండి. ఒకే పాటను రెండు డెక్‌లలోనూ (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పాటను వాయించే అరలు) పెట్టి, రెండో డెక్ వేగాన్ని కొంచెం అటో ఇటో జరిపి, తెర మీద బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు) అంకెలు కనిపించే చోట కాగితం ముక్క అతికించండి. రెండు పాటల వేగాన్ని తనంతట తానే కలిపే సింక్ బటన్ జోలికి పోవద్దు. ఇప్పుడు చెవి మీద మాత్రమే ఆధారపడి రెండింటినీ కలపాలి. ఒక్కటిగా ‘దబ్’ అని పడవలసిన బేస్ దెబ్బ ‘దడబ్’ అని వినిపిస్తుంటే పాటలు విడిగా నడుస్తున్నాయని అర్థం. వేగాన్ని సవరిస్తూ పోతే ఆ రెండు దెబ్బలూ దగ్గరై ఒక్కటవుతాయి. అలా ఒక్కటైన తరువాత పది సెకన్లకే మళ్లీ విడిపోతే వేగం ఇంకా సరిపోలేదన్నమాట. రెండో పాట ముందుకు జారుతోందా, వెనకబడుతోందా అన్నది గుర్తు పట్టడమే ఇందులో అసలు కష్టం. రోజుకు ఇరవై నిమిషాలు కూర్చుంటే మూడు నాలుగు వారాల్లో చాలామందికి పట్టుబడుతుంది. ఒకే పాటను రెండు చోట్ల పెట్టడం చిన్నపిల్లల పనిలా అనిపించవచ్చు గానీ, 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జరిగిన పార్టీతో ప్రసిద్ధికెక్కిన కూల్ హెర్క్ ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, జనం ఊగిపోయే వాద్యభాగాన్ని మళ్లీ మళ్లీ పొడిగించేవాడు. హిప్‌హాప్ పుట్టుకను ఆ రాత్రి నుంచే లెక్కిస్తారు.

వేగం కుదిరాక లెక్క నేర్చుకోవాలి. డ్యాన్స్ పాటల్లో నాలుగు దెబ్బలు ఒక బార్, ఎనిమిది బార్లు కలిస్తే 32 దెబ్బల ఒక ఆవర్తనం. వేగం 128 బీపీఎం అయితే ఆ ఆవర్తనం సరిగ్గా 15 సెకన్లలో తిరుగుతుంది. కొత్త పాటను ఆ తిరుగుడు మొదట్లో వదిలితేనే అది అతికినట్లు ఉంటుంది. మన ఊళ్లలో చెక్కభజన చూసినవారికి ఇది కొత్త కాదు. గురువు అడుగు మార్చాలనుకుంటే చరణం తిరిగే చోటు కోసం ఆగుతాడే తప్ప మధ్యలో మార్చడు.

ఈ రెండూ వచ్చాక కంట్రోలర్ గురించి ఆలోచించండి. పయనీర్ డీజే వారి డీడీజే ఎఫ్ఎల్ఎక్స్4 లాంటి రెండు చానెళ్ల కంట్రోలర్ నేర్చుకునేవారికి సరిపోతుంది. అది రికార్డ్‌బాక్స్, సెరాటో డీజే లైట్ సాఫ్ట్‌వేర్లు రెండింటితోనూ పనిచేస్తుంది. సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర పాతది దొరికితే, ఫేడర్లను (ధ్వనిని పెంచి తగ్గించే జారుడు మీటలను) నెమ్మదిగా జరిపినప్పుడు స్పీకర్లో గరగర వస్తోందేమో, యూఎస్‌బీ పోర్టు వదులైందేమో చూసుకుని కొనండి. మెరవణుల్లో దుమ్ము, అదురు తిన్న యంత్రాల్లో ముందుగా దెబ్బ తినేవి ఆ రెండే.

ప్రశ్న: మాది అనంతపురం. సింక్ నొక్కితే ఇంగ్లిష్ డ్యాన్స్ పాటలు చక్కగా కలుస్తున్నాయి. మన జానపదాలు, తీన్మార్ బీట్లు వేస్తే మాత్రం గందరగోళం అవుతోంది. సాఫ్ట్‌వేర్‌లో లోపమా?

జవాబు: లోపం అనడం కంటే సాఫ్ట్‌వేర్‌కు మన తాళం అలవాటు లేదనడం సరైనది. డీజే సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ప్రతి పాటా నాలుగు దెబ్బల లెక్కలో, మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో సాగుతుందని భావించి దాని మీద బీట్‌గ్రిడ్ అనే గీతల వరుసను పరుస్తాయి. కంప్యూటర్‌లో తయారైన పాటకు ఆ గీతలు అచ్చంగా సరిపోతాయి. మనిషి వాయించిన డప్పుకూ ఉరుము వాద్యానికీ అలా సరిపోవు. వాయిద్యకారుడు హుషారెక్కే కొద్దీ వేగం పెంచుతాడు గనుక రెండో నిమిషానికల్లా గీత ఒకచోట, దెబ్బ మరొకచోట పడతాయి. మిక్స్‌లోనైతే బీట్ డిటెక్షన్ సెట్టింగ్స్‌కు వెళ్లి, వేగం స్థిరంగా ఉంటుందని భావించే ఐచ్ఛికాన్ని తీసేసి పాటను మళ్లీ విశ్లేషింపజేస్తే కొంత మేలు.

రెండో చిక్కు నడకలో ఉంది. మీ పాటను వింటూ నోటితో ‘తకధిమి తకధిమి’ అని చూడండి, తరువాత ‘తకిట తకిట’ అని చూడండి. ఏది అతుకుతుందో అదే ఆ పాట నడక. తీన్మార్ వరుసల్లో ఎక్కువ భాగం తకిట మీద, అంటే తిశ్రంలో నడుస్తాయి, డ్యాన్స్ పాటలు చతురశ్రంలో నడుస్తాయి. తకిటలో కాలు పడే వేగం నిమిషానికి 100 ఉంటే, సాఫ్ట్‌వేర్ లోపలి చిన్న దెబ్బలను లెక్కలోకి తీసుకుని 150 అని చూపించే అవకాశం ఉంది. ఆ తప్పుడు అంకెను నమ్మి సింక్ నొక్కితే పాట ఈడ్చినట్లో తరిమినట్లో వినిపిస్తుంది. ఇలాంటప్పుడు మిక్స్‌లో పాట మీద రైట్ క్లిక్ చేస్తే బీపీఎంను సగం, రెట్టింపు, మూడింట రెండు వంతులు వంటి నిష్పత్తుల్లో మార్చే మెనూ కనిపిస్తుంది. 150ని మూడింట రెండు వంతులు చేస్తే 100కు వస్తుంది. అదీ కుదరకపోతే ట్యాప్ బటన్‌ను కాలు పడినప్పుడల్లా నొక్కి మీరే వేగాన్ని చెప్పవచ్చు.

అంకెలు సరిచేసినంత మాత్రాన తకిట, తకధిమి ఒకదాని మీద ఒకటి సాఫీగా కూర్చుంటాయని కాదు. మొదటి దెబ్బలు కలిసినా మధ్య దెబ్బలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. నా మాట వింటే అలాంటి రెండు పాటలను అరనిమిషం పాటు కలిపి నడపాలని చూడవద్దు. పాత పాట చరణం చివర ఎకో వేసి తగ్గించి, ఒక్క క్షణం నిశ్శబ్దం ఇచ్చి, కొత్త పాటను మొదటి దెబ్బ మీద పూర్తి ధ్వనితో వదలండి. ఊరేగింపులో ఆడేవాళ్లకు ఆ ఒక్క క్షణపు ఖాళీయే ఈల వేసే అవకాశం.

ప్రశ్న: కడపలో ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ పెట్టి సాధన చేస్తున్నాను. నేను నొక్కిన తరువాత కొంచెం ఆలస్యంగా పాట వస్తోంది. వైరు పెడితే చిటపట శబ్దాలు వస్తున్నాయి.

జవాబు: బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా ఆలస్యమవుతుంది. పాటలు వినడానికి ఇబ్బంది లేదు గానీ కలపడానికి అది పనికిరాదు, కాబట్టి వైరే వాడండి. చిటపటలకు కారణం సాధారణంగా బఫర్, అంటే కంప్యూటర్ ముందుగా సిద్ధం చేసి ఉంచుకునే ధ్వని నిల్వ, మరీ తక్కువగా ఉండటం. సెకనుకు 44,100 శాంపిళ్ల (ధ్వని కొలతల) లెక్కన 256 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 6 మిల్లీసెకన్లు, 1024 అంటే 23 మిల్లీసెకన్లు. మొదట 512 పెట్టి చూడండి, చిటపటలు ఆగకపోతే పెంచండి. విండోస్‌లో పవర్ ప్లాన్‌ను అధిక పనితీరుకు మార్చి, వైఫై ఆపేయండి. అన్నట్టు, నోటిఫికేషన్లు కూడా ఆపండి. నంద్యాలలో మా బంధువుల పెళ్లిలో పాటల బాధ్యత నేను తీసుకున్నప్పుడు, తలంబ్రాల మధ్య ఒక వాట్సాప్ సందేశం ‘టింగ్’మని రెండు పెద్ద బాక్సుల్లోంచి మోగింది. పురోహితుడు మంత్రం ఆపి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

మరో మాట. స్పీకర్లు మీకు 20 మీటర్ల దూరంలో ఉంటే గాలిలో ప్రయాణించడానికే శబ్దానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. బయట వేదికల మీద డీజే పక్కనే ఒక చిన్న మానిటర్ స్పీకర్ పెట్టేది అందుకే.

ప్రశ్న: ఆదోనిలో ఒక ఫంక్షన్ హాల్ వారి ప్లేయర్ నా 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను చదవలేదు. వీడియోల నుంచి తీసి 320 కేబీపీఎస్‌గా మార్చిన పాటలు అందులో ఉన్నాయి. కారణం అదేనా?

జవాబు: కారణం చాలావరకు ఫార్మాట్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి, అయి ఉంటుంది. 64 జీబీ డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, పాత ప్లేయర్లు ఎక్కువగా ఫ్యాట్32నే చదువుతాయి. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉంచుకోండి, నాలుగు నిమిషాల 320 కేబీపీఎస్ పాటలు మూడు వేల దాకా పడతాయి. వీడియోల నుంచి మార్చిన పాటల సంగతి వేరు. తక్కువ నాణ్యత గల ఆడియోను 320కి మార్చితే ఫైలు బరువు పెరుగుతుంది తప్ప పోయిన ధ్వని తిరిగి రాదు. గదిలో తెలియని ఆ తేడా పెద్ద బాక్సుల్లో రేకు మోగినట్లు బయటపడుతుంది. పాటలను కొనుక్కోవడమే మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి రోజూ రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని గంటల తరబడి సాధన చేస్తున్నాడు. పండుగకు పందిట్లో కూడా వాయిస్తానంటున్నాడు. చెవులకు, పోలీసులకు భయపడాలా? (ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: పోలీసుల విషయం తేలిక. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన పండుగ రోజులు మినహా, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. అనుమతి కాగితం జిరాక్స్ ఒకటి అబ్బాయి జేబులో ఉండాలి.

చెవుల విషయం అంత తేలిక కాదు. వృత్తి ఆరోగ్య నిపుణులు పాటించే ఒక లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది కాబట్టి, 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే. గదిలో మామూలుగా మాట్లాడే మాట వినపడేంత వాల్యూమ్ దగ్గర నాబ్ మీద ఒక గుర్తు పెట్టి, సాధన అంతా ఆ గుర్తు లోపలే చేయమనండి. మీరు తలుపు దగ్గర నిలబడి అన్నానికి పిలిస్తే అతను పలకకపోతే, నాబ్ గుర్తు దాటిందని తెలుసుకోండి.