వాన కొలిచే డబ్బా చెయ్ అల్లుడూ

అల్లుడూ, సెలవుల్లో ఏదన్నా ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్ట్ చేస్తా, హార్డ్‌వేరూ కోడింగూ రెండూ ఉండాల, ఏది మంచిదో చెప్పు మామా అని నువ్వు పంపిన లిస్టు చూసినా. లైన్ ఫాలోయర్ రోబో, డ్రోన్, ఫోన్‌తో బోరు మోటర్ ఆన్ చేసేది, ఇంకేందో స్మార్ట్ ఇల్లు.

మోటర్‌ది ముందు కొట్టేయ్. బోరు మోటరంటే త్రీ ఫేజు, 415 వోల్టులు, తడి నేల మీద నిలబడి నేర్చుకునే పని కాదు అది, ఇన్నేండ్లు స్టార్టర్లు రిపేరు చేసినోన్ని చెప్తాండా విను. రోబో అంటావా, నల్ల టేపు మీద రెండు రౌండ్లు కొడతాది, వీడియో తీస్తావు, స్టేటస్ పెడతావు, ఆ తర్వాత అటకెక్కుతాది. డ్రోన్ సంగతి నన్ను అడగొద్దు.

నేను చూసేది ఒకటే. నువ్వు చేసే డబ్బాలోంచి వచ్చే నంబరు ఇంట్లో ఎవరో ఒకరు "ఎంతొచ్చిందిరా" అని అడిగేది అయ్యుండాల, అది తప్పా ఒప్పా నువ్వు చేత్తో కొలిచి తేల్చుకునేట్టు ఉండాల. అడిగేవాళ్లుంటే చెడిపోయినప్పుడు మళ్లీ విప్పి బాగు చేస్తావు, లేకుంటే అట్లే పడుంటాది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ పడే మన అనంతపురంలో వానకన్నా ఎక్కువ అడిగే నంబరు ఏముంది చెప్పు? కళ్యాణదుర్గం చేన్లో చెనిక్కాయ విత్తేకి పదునైందా లేదా అని మీ నాయన ఎన్ని ఫోన్లు చేస్తాడో నీకే తెలుసు.

అందుకే రెయిన్ గేజ్ చెయ్, టిప్పింగ్ బకెట్ రకం. పైన గరాటు, కింద పిల్లలు ఆడే తూగుడు బల్ల లాగా రెండు చిన్న గిన్నెలు, ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తాది, రెండోది గరాటు కిందికొస్తాది. ఒరిగినప్పుడల్లా దానికి అతికించిన మాగ్నెట్టు రీడ్ స్విచ్ ముందర పోతాది, అంటే మాగ్నెట్టు దగ్గరికొస్తే మూసుకునే చిన్న స్విచ్, ఈఎస్పీ32 అనే వైఫై ఉండే చిన్న కంప్యూటర్ బోర్డు దాన్ని ఒకటిగా లెక్కేసుకుంటాది. అంతే కత.

ఇంకో సుఖం ఏందంటే గిన్నె కుదరక తిప్పలు పడేటప్పుడు కోడ్ ఆగాల్సిన పని లేదు, రీడ్ స్విచ్ బదులు ఒక పుష్ బటన్ పెట్టి నొక్కుతా ఉండు, బోర్డుకి అదే వాన. అట్లే కోడ్ రాకముందే రీడ్ స్విచ్‌కి మల్టీమీటర్ తగిలించి బీప్‌లో పెట్టి గిన్నె ఒరిగినప్పుడు కూత వస్తాందా చూడొచ్చు. ప్రాజెక్ట్ ఏదైనా సరే, ఇట్లా రెండు సగాలూ విడివిడిగా పని చేయించుకోలేకపోతే దాని జోలికి పోవద్దు, తప్పు యాడుందో తేలక తల పట్టుకుంటావు.

లెక్క చూడు. గరాటు మూతి అడ్డంగా 10 సెంటీమీటర్లు అనుకో, వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు, అంటే 1 మిల్లీమీటర్ వానకి 7.85 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. గిన్నె 2 మిల్లీలీటర్లకి ఒరిగితే ఒక్కో ఒరుగుడు పావు మిల్లీమీటర్ కన్నా రవ్వంత ఎక్కువ. నిజంగా 2కే ఒరుగుతాందా? 157 మిల్లీలీటర్లు కొలిచి సెలైన్ పైపుతో చుక్కచుక్కగా వదులు, 78 సార్లో 79 సార్లో ఒరగాల. మగ్గుతో పోశావంటే గిన్నె ఒరిగే లోపలే నీళ్లు పక్కకి పోయి లెక్క తక్కువొస్తాది.

రీడ్ స్విచ్ ఒక్కసారి మూసుకున్నా బోర్డుకి నాలుగైదు సార్లు నొక్కినట్టు కనపడొచ్చు, ఒక లెక్క పడినాక 200 మిల్లీసెకన్లు ఏదీ పట్టించుకోవద్దని కోడ్‌లో రాయి. గంటకి 100 మిల్లీమీటర్ల కుండపోత పడినా ఒరుగుడుకీ ఒరుగుడుకీ మధ్య తొమ్మిది సెకన్లు ఉంటాది, భయం లేదు. రోజు లెక్క మాత్రం అర్ధరాత్రికి కట్ చేయొద్దు, వాతావరణ శాఖోళ్లు పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కేస్తారు, నువ్వూ అట్లే పెడితే వాళ్ల నంబరు పక్కన పెట్టి చూసుకోవచ్చు. తేడా వస్తే కంగారు పడాకు, మన ఊర్లో ఈ వీధిలో కురిసింది ఆ వీధిలో కురవదు కదా.

మొదట మిద్దె మీదే పెట్టు, ఇంటి వైఫై అందుతాది, మామూలు ఈఎస్పీ32కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పేరే దొరుకుతాది, 5 గిగాహెర్ట్జ్‌ది కనపడలేదని బోర్డును తిట్టొద్దు. చేన్లో పెట్టేది, సోలారూ బ్యాటరీ అవన్నీ వచ్చే ఏడు చూద్దాం.

సామాన్లు బెంగుళూరు పోయేవాళ్లుంటే ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే ఎస్పీ రోడ్డులో తెప్పించు, లేకుంటే ఆన్‌లైనే. బోర్డులు మాత్రం రెండు తెప్పించు, ఒకటి ఎట్లాగూ కాలుస్తావు.