అల్లుడి జీతం కాదు, ఆ 18 డిపాజిట్లే అడ్డం పడ్డాయి

ప్రశ్న: మాది వనస్థలిపురం. మావారు జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైర్ అయ్యారు. నెలకు 52,000 పెన్షన్ వస్తుంది. అమ్మాయి, అల్లుడు కెనడాలో బ్రాంప్టన్‌లో ఉంటున్నారు. ఇద్దరూ వర్క్ పర్మిట్ మీదే ఉన్నారు. అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల, తొలి కాన్పు. అత్తగారు లేరు. నేను వెళ్లకపోతే ఎవరు చూస్తారు? అమీర్‌పేటలో ఒక కన్సల్టెంట్‌కు 70,000 ఇచ్చి మా ఇద్దరికీ విజిటర్ వీసాకు వేయించాం. అల్లుడు ఇన్విటేషన్ లెటర్ నోటరీ చేయించి పంపాడు. అతని జీతం ఏటా 92,000 డాలర్లు. మా అకౌంట్లో బ్యాలెన్స్ చాలదని కన్సల్టెంట్ అంటే, మొన్న శ్రావణంలో ఇబ్రహీంపట్నం దగ్గర ప్లాటు అమ్మిన డబ్బు ఇంట్లో ఉంటే 8,91,000 వేశాం. 50,000 దాటితే పాన్ అడుగుతారని 49,500 చొప్పున 18 సార్లు వేయమన్నాడు. ప్లాటు 31 లక్షలకు పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం 18 లక్షలకే. ఆ 18 లక్షలూ ఇంటి లోన్‌కు కట్టేశాం. తీరా వీసా రిజెక్ట్ అయింది. లెటర్ వచ్చి 52 రోజులైంది, మాకు మాత్రం కన్సల్టెంట్ నెల కిందటే చెప్పాడు. ఇప్పుడు ఆ డబ్బు మా తమ్ముడు కానుకగా ఇచ్చినట్టు పాత తేదీ స్టాంపు పేపరు మీద గిఫ్ట్ డీడ్ రాయిద్దాం, పాస్‌పోర్టులు కొత్తవి వచ్చాయి కాబట్టి పాత రిజెక్షన్ సంగతి రాయక్కర్లేదు అంటున్నాడు. రాయించవచ్చా? కెనడా కోర్టుకు వెళ్లవచ్చా? అల్లుడు అంత సంపాదిస్తుంటే ఎందుకు నమ్మలేదు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. రెండున్నర పేజీలు అమ్మాయి గురించి, అల్లుడి మంచితనం గురించి. పైన దాన్ని కుదించి వేశాం. వీసా అధికారికి మీ రెండున్నర పేజీలతో పనిలేదు. ఆయన ఎదుట ఉన్నది మీవారి బ్యాంకు స్టేట్‌మెంట్. నెలనెలా పెన్షన్ పడటం, ఖర్చులు పోను ముప్పై నలభై వేలు మిగలటం, ఉన్నట్టుండి మూడు వారాల్లో 49,500, 49,500, 49,500 అంటూ 18 వరసలు, ఆ వెంటనే వీసా దరఖాస్తు. పాన్ ఇవ్వకుండా తప్పించుకోవడానికి ముక్కలు చేసిన డబ్బు అని బ్యాంకు పనిలో నెల రోజులు ఉన్నవాడైనా చెబుతాడు. మీ కేసు ఆ 18 వరసల దగ్గర ఆగిపోయింది.

అల్లుడి జీతం గురించి రెండు మాటలు. కెనడా విజిటర్ వీసాలో ఆహ్వానించే వ్యక్తి మీ ఖర్చు భరిస్తానని చెప్పొచ్చు, అది పనికొస్తుంది కూడా. కానీ ఆ ఉత్తరం హామీ పత్రం కాదు. మీరు అక్కడ దిగాక మీకు చట్టపరంగా అతను బాధ్యుడు కాడు. అధికారి తేల్చుకోవాల్సింది, ఇచ్చిన గడువు ముగిసేలోగా మీరిద్దరూ తిరిగి హైదరాబాద్ వస్తారా అన్నది. అక్కడి ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో 179వది అదే చెబుతుంది. స్టేట్‌మెంట్ చూసి నమ్మకం పోయిన అధికారి మీద ఇన్విటేషన్ లెటర్‌కు నోటరీ ముద్ర వేసినా, నాలుగు వేసినా ప్రభావం ఉండదు.

అసలు ఆ డబ్బు అవసరమే లేదు! అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. కెనడా విజిటర్ వీసాకు అకౌంట్లో ఇంత ఉండాలని ఒక స్థిరమైన అంకె లేదు. ఎన్నాళ్లుంటారు, హోటల్లోనా బంధువుల ఇంట్లోనా అన్నదాన్ని బట్టి చూస్తారు. మీరు కూతురింట్లో ఉంటారు. టికెట్లు, ఇన్సూరెన్స్, చేతి ఖర్చు. వీటికి రిటైర్మెంట్ డబ్బుతో వేసిన ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందని మూడో పేజీ అంచున రాశారు. దాన్ని మాత్రం దరఖాస్తులో పెట్టలేదట, 'రసీదులు బీరువాలో ఉన్నాయి' అని. ఉన్న మంచి కాగితం బీరువాలో పెట్టి, లెక్క చెప్పలేని నగదు తెచ్చి అధికారి ముందు పరిచారు.

ఇక గిఫ్ట్ డీడ్. వద్దు. ఆ డబ్బు వేసిన 18 పే-ఇన్ స్లిప్పుల మీద సంతకం మీవారిది. స్టేట్‌మెంట్లో నగదు జమ అని ఉంది, తమ్ముడి అకౌంట్ నుంచి పైసా రాలేదు. డబ్బును కానుకగా ఇవ్వడానికి స్టాంపు పేపరు అక్కర్లేదు. చరాస్తి కానుక చేతికి అప్పగించడంతోనే పూర్తవుతుంది. బ్యాంకు బదిలీ ఉంటే అదే సాక్ష్యం, కాగితం దానికి తోడు మాత్రమే. బదిలీ లేకుండా కాగితం ఒక్కటే ఉందంటే మొదట అనుమానించేది ఆ కాగితాన్నే. స్టాంపు పేపరు వెనక అమ్మిన తేదీ, వరస నంబరు, కొన్నవారి పేరు ఉంటాయి. వెండరు రిజిస్టర్లోనూ ఉంటాయి. నోటరీకి వేరే రిజిస్టరు. పాత స్టాంపు పేపరు వాడటమే తప్పని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఆరు నెలల గడువు వాడని స్టాంపుల డబ్బు వాపసు అడగడానికే అని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. పేపరు పాతదైతే ఫర్వాలేదు. దాని మీద అబద్ధపు తేదీ వేస్తే దొరికిపోతారు.

ఇంకో తమాషా చూడండి. ఆ డీడ్‌లో రాసింది నిజమే అనుకుందాం. తమ్ముడు ఇచ్చే కానుక మీద పన్ను లేదు, సరే. కానీ ఒకే వ్యక్తి నుంచి ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నంతా జరిమానా వేయొచ్చు. అంటే మీ కన్సల్టెంట్ సలహా పాటిస్తే మీరు చేయని తప్పును చేసినట్టు మీ సంతకంతో ఒప్పుకుంటారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

కెనడా వైపు దీని ఖరీదు ఇంకా ఎక్కువ. అక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పినా, దాచినా 5 ఏళ్లు ఆ దేశంలో అడుగు పెట్టలేరు. 'నేరుగా గానీ, పరోక్షంగా గానీ' అని అందులో ఉంది. ఏజెంట్ రాశాడు, నాకు తెలియదు అంటే వినరు. ఇప్పుడు మీకు వచ్చింది మామూలు తిరస్కరణ. రేపే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ గిఫ్ట్ డీడ్ పెట్టి దొరికితే మనవడికి అయిదేళ్లు నిండేదాకా ఫోన్లోనే చూసుకోవాలి. పాత రిజెక్షన్ దాచడమూ అంతే. గతంలో వీసా నిరాకరించారా అని ఫారంలో సూటిగా అడుగుతారు. పాస్‌పోర్టు మారింది గానీ మీ వేలిముద్రలు మారలేదు కదా. అవి వాళ్ల దగ్గరే ఉంటాయి, 10 ఏళ్లు చెల్లుతాయి.

కోర్టు సంగతి. కెనడా బయట తీసుకున్న వీసా నిర్ణయం మీద అక్కడి ఫెడరల్ కోర్టులో సమీక్షకు అనుమతి కోరడానికి గడువు 60 రోజులు. లెక్క మీకు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది. ఆ ఆన్‌లైన్ ఖాతా కన్సల్టెంట్ చేతిలో ఉంది, లెటర్ దాంట్లో పడి 52 రోజులు, మీకు తెలిసి 30. ఏది లెక్క అని వాదించుకోవచ్చు, కానీ గడువు విషయంలో ఎప్పుడూ ముందు తేదీనే పట్టుకోవాలి. అంటే మీకు 8 రోజులే ఉన్నాయి. ప్రత్యేక కారణం చూపిస్తే గడువు పెంచొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ 8 రోజుల్లో కెనడా లాయరును పెట్టుకుని వేయమని నేను చెప్పను. ఆ కోర్టు అప్పుడు అధికారి ముందున్న కాగితాలనే చూస్తుంది. బీరువాలోని డిపాజిట్ రసీదులు ఇప్పుడు చూపిస్తామంటే సాధారణంగా తీసుకోదు. గెలిచినా వీసా చేతికి రాదు, ఫైలు ఇంకో అధికారికి వెళ్తుంది. అదే ఫైలు, అవే 18 వరసలు. కొత్త దరఖాస్తే దారి.

కొత్తది వేసే ముందు, మొదటి దరఖాస్తులో ఆ 8,91,000 గురించి కన్సల్టెంట్ ఏం రాశాడో మీకు తెలుసా? 'అన్నీ ఆయనే నింపారు, మేం సంతకాలు పెట్టాం' అని రాశారు. హెడ్మాస్టరుగా ఎంతమంది పిల్లలకు చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పి ఉంటారో మీవారు! అతను అందులో 'పొదుపు' అని రాశాడో, 'వ్యవసాయ ఆదాయం' అని రాశాడో తెలియకుండా ఇప్పుడు 'ప్లాటు అమ్మకం' అని రాస్తే రెండు మాటలవుతాయి. కాబట్టి ముందుగా ఖాతా యూజర్ నేమ్, పాస్‌వర్డ్, అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితం కాపీ తీసుకోండి. అధికారి రాసుకున్న నోట్స్ కూడా తెప్పించుకోవాలి. మీ సమ్మతి పత్రం మీద, కెనడాలో ఉన్న అల్లుడు అక్కడి సమాచార చట్టం కింద 5 డాలర్ల రుసుముతో అడగొచ్చు. మొదటి దరఖాస్తులో తప్పు రాసి ఉంటే, కొత్త దరఖాస్తులోనే ఆ మాట మీరే చెప్పి సరిచేయాలి.

తర్వాత ఆడిటర్ దగ్గరికి. ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పాలి. స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదుగా తీసుకోవడం 2015 జూన్ నుంచి నిషేధం. తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడొచ్చు. మీ విషయంలో అది 13 లక్షలు. తగిన కారణం చూపించి తప్పించుకునే వీలు చట్టంలో ఉంది, కానీ అది వాదన, గ్యారంటీ కాదు. అమ్మకం ఈ ఆర్థిక సంవత్సరంలోనే జరిగింది కాబట్టి రిటర్ను ఇంకా మీ చేతిలో ఉంది. అందులో 31 లక్షలూ చూపించి మూలధన లాభం మీద పన్ను కట్టడమే నేను చెప్పే దారి. 2024 జులై 23కు ముందు కొని, రెండేళ్లు దాటాక అమ్మిన స్థలమైతే 12.5 శాతం, లేదా కొన్న ధరను ధరల సూచీ ప్రకారం పెంచి లెక్కేస్తే 20 శాతం, రెండింట్లో ఏది తక్కువైతే అది. ఆడిటరుతో కూర్చోకుండా ఈ నగదు గురించి ఎవరికీ ఒక్క అక్షరం రాసివ్వకండి.

31 లక్షలకు అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసుకున్నారా? మూడు పేజీల్లో ఆ ముక్క లేదు. ఉంటే వెతికి తీయండి. నగదు ఎక్కడిదో చెప్పే కాగితం అదొక్కటే. లేకపోతే కొన్నవాడిని అడిగి లాభం లేదు. స్టాంపు డ్యూటీ మిగుల్చుకున్నవాడు నిజం రాసివ్వడు.

వీసా అధికారికి ఒక పేజీ వివరణ చాలు. ప్లాటు ఫలానా తేదీన అమ్మాం, నగదు భాగం ఇంత, కన్సల్టెంట్ మాట విని ముక్కలుగా జమ చేశాం, పన్ను ఫలానా చలానాతో కట్టాం. చలానా కట్టాకే ఆ మాట రాయండి. ఈ ప్రయాణం ఖర్చుకు ఆ డబ్బు మీద ఆధారపడటం లేదని, ఫిక్స్‌డ్ డిపాజిట్, పెన్షన్, అల్లుడి సాయం ఉన్నాయని రాయండి. సేల్ డీడ్ తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, దాంతోపాటు అనువాదకుడి అఫిడవిట్ ఉండాలి. మీ అబ్బాయి అనువదిస్తే చెల్లదు, కుటుంబ సభ్యులు చేయకూడదు.

ఇల్లు గురించి కూడా పొరపాటు పడ్డారు. కోటి రూపాయల ఇల్లని వాల్యుయేషన్ సర్టిఫికెట్ పెట్టారు. ఇల్లు అమ్ముకుని టికెట్ కొనరు కదా. లోన్ తీరిన లెటర్, ఇంటి పన్ను రసీదు, పెన్షన్ పత్రం, ఉప్పల్‌లో ఉద్యోగం చేస్తూ మీతోనే ఉంటున్న అబ్బాయి వివరాలు పెట్టండి. అవి డబ్బు చూపించడానికి కాదు, మీరు తిరిగి వస్తారని చెప్పడానికి.

అల్లుడు కొత్త లెటర్ రాయాలి. పాతదాంట్లో ప్రేమ ఎక్కువ, తేదీలు తక్కువ. ఎవరు, ఎప్పుడు వస్తారు, ఎప్పుడు వెళ్తారు, ఏ ఇంట్లో ఉంటారు, ఏ ఖర్చు ఎవరిది, ఇంట్లో ఎంతమంది ఉన్నారు. దానికి వర్క్ పర్మిట్, ఉద్యోగ పత్రం, పే స్లిప్పులు, అక్కడి పన్ను శాఖ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్, కొన్ని నెలల స్టేట్‌మెంట్లు జతచేయాలి. కాన్పు తేదీతో డాక్టర్ లెటర్ కూడా. ఎవరో సూపర్ వీసా, అంటే పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే వీసా, వేయమన్నారని రాశారు. దానికి పిల్లలు కెనడా పౌరులో, శాశ్వత నివాసులో అయి ఉండాలి. మీ అమ్మాయికి వర్తించదు.

కన్సల్టెంట్ 70,000 సంగతి తొందర లేదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువుంది, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. మీరుండే చోటే వేసుకోవచ్చు. కానీ 'వీసా గ్యారంటీ', '49,500 చొప్పున వేయండి' అన్న అతని వాట్సాప్ మెసేజ్‌లు మీ ఫోన్లో ఉన్నాయా? ఉంటే ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. కోర్టులో వాటికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం, జతచేయాల్సి వస్తుంది. గిఫ్ట్ డీడ్ సలహా కూడా మెసేజ్‌లో ఇచ్చి ఉంటే 'వద్దు' అని మెసేజ్‌లోనే జవాబు పెట్టండి. ఫోన్లో చెప్పకండి. ఆ తర్వాతే వెళ్లి ఫైలు కాపీ, పాస్‌వర్డ్ అడగండి. అబ్బాయిని వెంట తీసుకెళ్లండి.